సీసాలోని సువాసన – మనసులోని దిగులు

వార్షిక సంచికకు సైన్సు వ్యాసం ఒకటి వ్రాసివ్వమని మా సంపాదక మిత్రుడు అడిగినప్పుడు, "పాలిమర్ల మీద వ్రాస్తాను" అన్నాను. "పాలిమర్లు ఎవరు చదువుతారన్నా! నలుగురికీ పనికొచ్చేది వ్రాయి" అన్నాడు. మాట నిజమే. కిందటి సంచికలో నా వ్యాసం చదివినవాళ్ళు ఇద్దరే. ఒకరు ప్రూఫులు దిద్దిన మిత్రుడు, రెండోవాణ్ణి నేను. అందుకని ఈసారి పుస్తకంతో కాక, మా హాస్టలు గదిలో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

కిందటి ఏడు సెమిస్టరు పరీక్షలకు నెల ముందు, మా రూంమేటు ఒక చిన్న గోధుమరంగు సీసా పట్టుకొచ్చాడు. బొటనవేలంత సీసా. 10 మిల్లీలీటర్లు. ధర 850 రూపాయలు. దానిమీద "నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛమైన సుగంధ తైలం – ఏకాగ్రతకు, జ్ఞాపకశక్తికి, మనశ్శాంతికి" అని ఉంది. రోజూ రాత్రి రెండు చుక్కలు దిండు మీద, పొద్దున రెండు చుక్కలు చేతిరుమాలు మీద వేసుకునేవాడు. గదంతా పెళ్ళివారి విడిదిలా గుబాళించేది. వారం గడిచింది. "వాసన బాగానే ఉందిరా, నీ పుస్తకమే అదే పేజీ మీదుంది" అని నేను నవ్వాను. వాడు నవ్వలేదు. వాడు నవ్వలేదన్న సంగతిని నేను అప్పుడు పట్టించుకోలేదు. ఆ విషయానికి చివర్లో వస్తాను.

ఆ ఆదివారం మా ఊరు అత్వెల్లి వెళ్ళాను. మేడ్చల్ దాటగానే నాగపూర్ హైవే పక్కన ఉంటుంది మా ఊరు. రాత్రింబగళ్ళు లారీల మోత. అన్నం తింటూ సీసా సంగతి అమ్మకు చెప్పాను. "ఎనిమిది వందల యాభయ్యా? గా పైసలతోని నెల కూరగాయలొస్తయి గద బిడ్డా! గసొంటియి మనింట్ల లెవ్వా?" అని లేచి, గోడ అలమర తలుపు తెరిచింది. లోపల మూడున్నాయి. అమృతాంజనం, జిందా తిలిస్మాత్, నీలగిరి తైలం. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్న నాకు, ఈ మూడూ సుగంధ తైలాల కుటుంబానివేనని అప్పటిదాకా తట్టలేదు!

మన అలమరలోని చరిత్ర

ఈ "అరోమా థెరపీ" అనే మాట ఫ్రాన్సు నుంచి వచ్చింది. రెనే మారిస్ గాట్‌ఫోసే అనే సుగంధ ద్రవ్యాల రసాయనవేత్త 1937లో ఆ పేరుతో పుస్తకం ప్రచురించాడు. పేరు కొత్తదే గాని పని మనకు పాతదే.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కర్పూరం, పుదీనా జాతి మొక్కల నుంచి వచ్చే మెంథాల్ వంటివి కలిపిన తలనొప్పి మందు అది. సంగీత కచేరీలలో ఉచితంగా పంచిపెట్టి జనానికి అలవాటు చేశారంటారు. ఆ మందు మీద వచ్చిన డబ్బే ఆంధ్రపత్రికకు అండగా నిలిచింది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రికైన ఆ పత్రికకు తెలుగువాడు ఎంత రుణపడ్డాడో, ఆ పసుపు డబ్బాకూ అంత రుణపడ్డాడనవచ్చు.

మన హైదరాబాదులో 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీగారు జిందా తిలిస్మాత్ తయారుచేశారు. నీలగిరి తైలం అందులో ముఖ్యం. కర్పూరం, మెంథాల్, వాములో ఉండే థైమాల్ తోడుగా ఉంటాయి. జలుబు చేస్తే వేడినీళ్ళలో నాలుగు చుక్కలు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టని ఇల్లు మా వైపు అరుదు.

ఇంకా వెనక్కి పోతే కొండవీటి కుమారగిరిరెడ్డి ఉన్నాడు. పద్నాలుగో శతాబ్దం చివర రాజ్యం చేసిన ఈయన వసంతోత్సవాలలో కర్పూరాన్ని ధారాళంగా ఖర్చుచేసి "కర్పూర వసంతరాయలు" అనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. రాజులకు సువాసన వైభోగం. మన ఇళ్ళల్లో మాత్రం అది గుమ్మానికి వట్టివేరు తడిక, జడలో మరువం, దవనం, బాలింతకు సాంబ్రాణి ధూపం, పెళ్ళిలో పన్నీరు బుడ్డి. ఎండకు, నీరసానికి, దిగులుకు వాసనే మందని మన అమ్మమ్మలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది.

అసలీ తైలం ఏమిటి?

సుగంధ తైలాన్ని తైలమని పిలుస్తాం గాని, అది నువ్వుల నూనె, కొబ్బరినూనె లాంటిది కాదు. అవి కొవ్వు పదార్థాలు. గిన్నెలో పోసి ఏడాది ఉంచినా ఆవిరి కావు. సుగంధ తైలం ఎగిరిపోయే గుణం ఉన్న చిన్న చిన్న అణువుల మిశ్రమం. మొక్క తన ఆకుల్లో, పూలల్లో, వేళ్ళల్లో దాన్ని సూక్ష్మమైన సంచుల్లో దాచుకుంటుంది. పురుగులను తరమడానికీ, తుమ్మెదలను పిలవడానికీ!

దీన్ని తీసే పద్ధతి ఆవిరి స్వేదనం. ఇందులో ఒక చమత్కారం ఉంది. నిమ్మగడ్డి తైలంలో ముఖ్యమైన సిట్రాల్ విడిగా మరగాలంటే 200 డిగ్రీలు దాటాలి. అంత వేడికి వాసన చెడిపోతుంది. కాని నీటితో కలిపి మరిగిస్తే 100 డిగ్రీల లోపే లేచి వచ్చేస్తుంది. నీరూ నూనే ఒకదానిలో ఒకటి కలవవు గనుక, ఎవరి ఆవిరి పీడనం వారిది. ఆ రెండూ కలిసి వాతావరణ పీడనాన్ని అందుకోగానే మిశ్రమం మరుగుతుంది. డిగ్రీ మొదటి సంవత్సరంలో మనమంతా కంఠతా పట్టి మరిచిపోయిన డాల్టన్ నియమం అత్తరు బట్టీలో అన్నం పెడుతోందన్నమాట. గొట్టం గుండా పోయిన ఆవిరి చల్లబడితే పైన తైలం తేలుతుంది, కింద వాసన నీళ్ళు మిగులుతాయి. గులాబీల నుంచి అలా వచ్చిన నీళ్ళే మన పన్నీరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ రాగి బానల్లో పూలు మరిగించి, వెదురు గొట్టం ద్వారా ఆవిరిని పంపి, చందన తైలంలోకి పట్టి అత్తరు చేస్తారు.

ధర సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డిని బట్టీలో వేస్తే అరకిలో పైచిలుకు తైలం వస్తుంది. గులాబీకైతే ఒక కిలో తైలానికి మూడు, నాలుగు టన్నుల రేకులు కావాలి. కాబట్టి "స్వచ్ఛమైన గులాబీ తైలం, సీసా 200 రూపాయలు" అని ఎవరైనా అంటే, వాళ్ళు మనకు దానమైనా చేస్తుండాలి, లేదా టోపీ అయినా పెడుతుండాలి.

మనకు దగ్గరలో బోడుప్పల్‌లో కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ వారి పరిశోధన కేంద్రం ఉంది. ప్రధాన కార్యాలయం లక్నోలో. నిమ్మగడ్డి, పామరోజా వంటి పంటలను మన మెట్ట రైతుల దగ్గరకు తెచ్చిన సంస్థ ఇది. నిమ్మగడ్డి ఒకసారి నాటితే నాలుగైదేళ్ళు కోతకొస్తుంది. పశువులు పెద్దగా ముట్టవు. ఒకప్పుడు మా మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలకు పేరు. ఇవాళ ఆ భూముల్లో చాలావరకు ప్లాట్ల రాళ్ళు మొలిచాయి. మిగిలిన చెలకల్లోనైనా ఇటువంటివి పండితే బాగుండునని ఆశ.

ఇక మా రూంమేటు సీసా. సోమవారం ల్యాబులో ఫిల్టరు కాగితం మీద దాని చుక్క ఒకటి, అమ్మ ఇచ్చిన నీలగిరి తైలం చుక్క ఒకటి వేశాను. సాయంత్రానికి నీలగిరి చుక్క జాడ లేదు. సీసా చుక్క మాత్రం మిరపకాయ బజ్జీ పొట్లంలా జిడ్డుమరక మిగిల్చింది. అంటే అందులో ఎక్కువ భాగం మామూలు నూనె. చర్మానికి రాయడానికి అలా కలపడం తప్పు కాదు. కలిపి "నూటికి నూరుపాళ్ళు" అని వ్రాయడం తప్పు. ఈ పరీక్ష మీరూ ఇంట్లో చేయవచ్చు. అయితే చందనం, వట్టివేరు తైలాలు నిదానంగా ఆరతాయి. పైగా ఆల్కహాలు కలిపినా, కృత్రిమ వాసన కలిపినా ఈ కాగితం పట్టుకోలేదు.

ముక్కు నుంచి మనసుకు

ముక్కు లోపల పైభాగాన తపాలాబిళ్ళంత చోటులో వాసన కణాలున్నాయి. మనిషికి దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రజ్ఞులు 1991లో ఈ గ్రాహకాల జన్యువులను కనుగొని, 2004లో నోబెల్ బహుమతి పొందారు. ఒక్కొక్క వాసన కొన్ని గ్రాహకాలను కలిపి మీటుతుంది. హార్మోనియం మీద మెట్లు కలిపి నొక్కినట్టు.

చూపు, వినికిడి మొదలైనవి మెదడులో థాలమస్ అనే కూడలిలో ఆగి, అక్కడి నుంచి పైకి పోతాయి. వాసన ఆ కూడలిలో ఆగకుండానే భయం, ప్రేమ, కోపం వంటి ఉద్వేగాలకు సంబంధించిన అమిగ్డలాకూ, జ్ఞాపకాలకు తావైన హిపోకాంపస్ పరిసరాలకూ చేరుతుంది. అందుకే ఫలానా వాసన అని పేరు గుర్తొచ్చే లోపలే గుండె ఝల్లుమంటుంది.

దీనికి నా అనుభవమే సాక్ష్యం. మా నాన్న లారీ డ్రైవరు. రాత్రి బండి నడిపేటప్పుడు నిద్ర ఆపుకోవడానికి జిందా తిలిస్మాత్ చుక్కలు వేసిన చేతిరుమాలు మెడకు చుట్టుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ ఆదివారం అమ్మ సీసా మూత తీయగానే నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, అన్నం ముద్ద గొంతు దిగలేదు. అమ్మ మాత్రం, "నేను రోజూ పండుకునేటప్పుడు జర మూత తీసి వాసన సూస్త బిడ్డా, గప్పుడే నిద్ర వడ్తది" అన్నది. సీసా ఒకటే, వాసన ఒకటే. ఆమెకది ఊరట, నాకు దుఃఖం. కాబట్టి "ఈ తైలం శాంతినిస్తుంది, ఆ తైలం ఉత్సాహాన్నిస్తుంది" అని సీసాల మీద అచ్చువేసిన పట్టికలను పూర్తిగా నమ్మకండి. వాసనకు అర్థం సగం మొక్కలో ఉంటే, సగం మన బతుకులో ఉంటుంది.

కొన్ని తైలాలకు ఇంకో దారి కూడా ఉంది. మెంథాల్ మన నరాల్లో చలిని గుర్తించే గ్రాహకాన్ని మీటుతుంది. చల్లదనం నిజంగా ఉండదు, ఉన్నట్టు నరం మెదడుకు చెబుతుంది. వేడి, చలి తెలిసే తీరు మీద పరిశోధించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. జలుబులో మెంథాల్ పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టుంటుందే గాని, లోపలి దారి నిజానికి అంతగా వెడల్పు కాదు. అయినా ఆ హాయి అబద్ధం కాదు.

మార్కులు వస్తాయా?

విద్యార్థి మిత్రులు అడగబోయే ప్రశ్న ఇదే. ఉన్నదున్నట్టు చెబుతాను.

ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో మార్క్ మాస్ బృందం 2003లో 144 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టును రోజ్‌మేరీ వాసన ఉన్న గదిలో, ఒక జట్టును లావెండర్ గదిలో, ఒక జట్టును ఏ వాసనా లేని గదిలో కూర్చోబెట్టి పరీక్షించింది. రోజ్‌మేరీ జట్టుకు జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది, కాని వేగం తగ్గింది. లావెండర్ జట్టులో అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే శక్తి తగ్గింది. అంటే, మనశ్శాంతి కోసం లావెండర్ పీల్చుకుని గణితం పేపరుకు కూర్చుంటే, శాంతిగా తప్పులు చేసే ప్రమాదం ఉందన్నమాట!

జర్మనీలో 2007లో ఒక ముచ్చటైన ప్రయోగం జరిగింది. జతజత చీట్లు ఏవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకునే ఆట ఆడేటప్పుడు గులాబీ వాసన చూపించారు. ఆ రాత్రి గాఢనిద్రలో ఉండగా మళ్ళీ అదే వాసన పట్టారు. మర్నాడు వాళ్ళకు చీట్ల తావులు ఎక్కువగా గుర్తున్నాయి. ఇక్కడ కిటుకు గులాబీలో లేదు. చదివినప్పటి వాసన నిద్రలో ఆ పాఠాన్ని మళ్ళీ తట్టి లేపింది. చదవనిదాన్ని ఏ వాసనా తట్టి లేపలేదు. నిద్రపోనివాడికి ఆ మేలూ దక్కదు.

తలనొప్పికి పుదీనా తైలం సంగతి కాస్త గట్టిది. 1996లో జర్మనీలోనే చేసిన పరీక్షలో, ఒత్తిడివల్ల వచ్చే తలనొప్పికి 10 శాతం పుదీనా తైలం కలిపిన ద్రవాన్ని నుదుటికి రాస్తే, పారాసిటమాల్‌తో సమానంగా పనిచేసింది. పంతులుగారి డబ్బాకు ఇది మంచి సాక్ష్యమే. ఆందోళనకు లావెండర్ తైలాన్ని 80 మిల్లీగ్రాముల గుళికగా జర్మనీలో మందుల దుకాణాల్లో అమ్ముతారు. దాని మీద పరీక్షలూ జరిగాయి. అది కొలిచి, శుద్ధిచేసి తయారుచేసిన మందు. బజారు సీసాలోది తాగవచ్చని దానికి అర్థం కాదు.

ఈ ప్రయోగాలన్నింటికీ ఒక చిక్కుంది. మాత్రలను పరీక్షించేటప్పుడు అదే రంగు పిండిమాత్ర ఇచ్చి ఏమార్చవచ్చు. వాసనను దాచడం ఎట్లా? లావెండర్ అని తెలిసినవాడు "ఇక నాకు శాంతి వస్తుంది" అనుకుంటే సగం శాంతి ఆ తలపుతోనే వస్తుంది. కాబట్టి, సువాసన మనసును కాసేపు తేలికపరుస్తుందని చెప్పడానికి ఆధారముంది. మానసిక వ్యాధిని నయం చేస్తుందని చెప్పడానికి లేదు.

మందు కూడా విషమే

ఇంట్లో దొరికేదని వీటిని చులకనగా చూడకూడదు. కర్పూరం, నీలగిరి తైలం పసిపిల్లల కడుపులోకి పోతే మూర్ఛలు రావచ్చు. మూర్ఛవ్యాధి ఉన్న పెద్దలకు వాసన వల్ల కూడా మూర్ఛలు వచ్చినట్టు మన దేశపు నరాల వైద్యులు నమోదుచేశారు. నొప్పుల మందుల్లో వాడే వింటర్‌గ్రీన్ తైలం ఒక్క చెంచా తాగితే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్ మింగినట్టే. అంటే ఇరవైకి పైగా మాత్రలు! చిక్కని తైలం నేరుగా ఒంటికి రాస్తే చర్మం మండుతుంది. కొబ్బరినూనెలోనో నువ్వులనూనెలోనో చెంచాకు రెండు మూడు చుక్కలు మించకుండా కలపాలి. నిమ్మజాతి తైలాలు కొన్ని రాసుకుని ఎండలోకి పోతే మచ్చలు పడతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళున్న గదిలో పొగలు, ఆవిర్లు పెట్టకూడదు. సీసాలు పిల్లలకు అందకుండా పై అరలో ఉండాలి.

ఆ సీసా అడుగున

ఇప్పుడు మా రూంమేటు సంగతి. ఫిల్టరు కాగితం తీసుకెళ్ళి విజయగర్వంతో చూపించాను. "నిన్ను మోసం చేశార్రా" అన్నాను. వాడు ఆ జిడ్డుమరకను చాలాసేపు చూసి, "మోసమని నాకూ తెలుసురా. కాని అది లేకపోతే నాకింకేం లేదు" అన్నాడు. అప్పుడు గాని నాకు కళ్ళు తెరుచుకోలేదు. రెండు నెలలుగా వాడికి సరిగా నిద్ర లేదు. మెస్సులో సగం అన్నం వదిలేస్తున్నాడు. ఇంటికి ఫోను చేయడం మానేశాడు. పొద్దునే లేచి ఏం లాభమని రెండుమూడుసార్లు నాతోనే అన్నాడు. అవన్నీ వింటూ ఒకే గదిలో ఉన్న నేను, సీసాలో ఏముందో పరీక్షించాను గాని, మనిషిలో ఏముందో అడగలేదు.

మా సార్ ఒకరికి చెబితే, ఆయన ఆ సాయంత్రమే వాణ్ణి తన స్కూటరు మీద మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళారు. డిప్రెషన్ అన్నారు. మందులు, మాటలు, నాలుగైదు నెలలు పట్టింది. ఒక పేపరు పోయింది, మళ్ళీ వ్రాసి పాసయ్యాడు. ఇప్పుడు బాగున్నాడు. ఈ వ్యాసం వాడికి చూపించే అచ్చుకిస్తున్నాను.

మిత్రులారా! పరీక్షల దిగులుకు రుమాలు మీద రెండు చుక్కలు వేసుకోండి, తప్పు లేదు. గుప్పెడు మరువం టేబులు మీద పెట్టుకోండి, ఇంకా చౌక. కాని నిద్ర, తిండి, ఆశ మూడూ రెండు వారాలకు మించి దూరమైతే అది వాసనతో పోయే దిగులు కాదు. మనసు వైద్యుడి దగ్గరకు పోవడం పంటి వైద్యుడి దగ్గరకు పోవడం కంటే సిగ్గుపడవలసిన పనేమీ కాదు. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. అధ్యాపకులకు ఒక మనవి. వెనకబెంచీలో నిద్రపోతున్నవాణ్ణి లేపేటప్పుడు, రాత్రి ఎందుకు నిద్ర పట్టలేదో కూడా ఒకసారి అడగండి.

ఆ గోధుమరంగు సీసా ఇంకా మా గది కిటికీలోనే ఉంది, ఖాళీగా. మొన్న అత్వెల్లి నుంచి వస్తూ అమ్మ ఇచ్చిన మరువం రెమ్మ ఒకటి నీళ్ళు పోసి అందులో పెట్టాను. వేరు తొడిగింది.